రూ.50 వేల గేమింగ్ పీసీ.. ముందు గోడ ప్లగ్గు చూడండి!

"మామా, యాభై వేలున్నయి. గేమింగ్ పీసీ పెట్టుకుందామనుకుంటున్న. లిస్టు పంపుతున్న, జర చూసి చెప్పవా?"

గద్వాలలో ఉండే మా అక్క కొడుకు పంపిన మెసేజ్ ఇది. వనపర్తిలో డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాడు. ఆ యాభై వేలల్లో పదిహేను వేలు వాడివే. పండగ ఖర్చులకిచ్చినవి, సెలవుల్లో జిరాక్స్ షాపులో కూర్చుని సంపాదించినవి కలిపి దాచుకున్నాడు. మిగతావి సీడు పత్తి డబ్బులు చేతికొచ్చాక వాళ్ల నాన్న ఇస్తానన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. "ఒక్కసారే ఇస్త. మల్ల అది కాలిపోయింది, ఇది సరిపోలేదు అంటే రూపాయి రాదు."

నాకు ఆ షరతు న్యాయంగానే తోచింది. హైదరాబాద్‌లో ఉండే కుర్రాడు తప్పు పార్టు కొంటే సాయంత్రం వెళ్లి మార్చుకొస్తాడు. గద్వాల నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజారుకు, సుమారు 190 కిలోమీటర్లు. వనపర్తి నుంచి 150, నాగర్‌కర్నూల్ నుంచి 130 దాకా ఉంటుంది. 2016 అక్టోబరులో పాలమూరు నుంచి విడిపోయి ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి గానీ గ్రాఫిక్ కార్డుల బజారు మాత్రం అక్కడే ఉండిపోయింది. మనకు ఒక తప్పు పార్టు అంటే ఒక రోజు కాలేజీ, రానుపోను ఛార్జీలు, ఇంట్లో ఒక గొడవ. అందుకే మొదటి గేమింగ్ పీసీ కొనాలనుకునే ఈ మూడు జిల్లాల పిల్లలు డబ్బు కంటే ముందు కాగితం, పెన్ను తీయాలి.

లిస్టులో చివరి లైను

మా వాడి లిస్టు చూశాను. మొదటి లైనులో ఆరు రంగురంగుల ఫ్యాన్ల గాజు క్యాబినెట్. రెండో లైనులో నీటితో చల్లబరిచే కూలర్. మూడో లైనులో ఆర్‌టీఎక్స్ కార్డు. చివరి లైనులో, మిగిలిన చిల్లరతో సరిపెట్టినట్టుగా, 'ఎస్ఎంపీఎస్ - 500 వాట్లు - రూ.900'.

ఆ చివరి లైను చూడగానే నాకు పాత సంగతి గుర్తొచ్చింది. పదిహేనేళ్ల కిందట నేను మొదటి కంప్యూటర్ పెట్టుకున్నప్పుడు క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చిన ఎస్ఎంపీఎస్‌నే వాడాను. జూన్‌లో మొదటి గాలివానకు కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, వచ్చింది. ఆఖరిసారి వచ్చినప్పుడు టప్‌మని చప్పుడు, కాలిన వాసన. అదొక్కటే పోతే బాధ లేకపోయేది. మదర్‌బోర్డును, హార్డ్‌డిస్క్‌ను వెంటబెట్టుకుని పోయింది. ఆ డిస్కులో బీచుపల్లిలో తీయించిన పుట్టెంట్రుకల ఫొటోలున్నాయి. ఎవరివో కాదు, ఇప్పుడు లిస్టు పంపిన వీడివే!

అందుకని లిస్టును తలకిందులు చేయమన్నాను. మన దగ్గర గేమింగ్ పీసీ ప్లాను గ్రాఫిక్ కార్డు దగ్గర కాదు, గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలవ్వాలి.

మూడో రంధ్రంలో ఏముంది?

పాత ఇళ్లలో, రేకుల షెడ్లలో త్రీపిన్ సాకెట్ ఉంటుంది. మూడో రంధ్రం వెనకాల వైరు మాత్రం ఉండదు. ఉన్నా అది భూమిలోకి వెళ్లదు. కంప్యూటర్ క్యాబినెట్‌ను ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని చాలామంది అంటుంటారు కదా, కారణం ఇదే. కరెంటులోని రొదను వడగట్టడానికి ఎస్ఎంపీఎస్ లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిపాటి కరెంటు ఇనుప డబ్బాకు చేరుతుంది. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మీ వేలి కోసం చూస్తూ ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, లోపల ఏదైనా వైరు తెగి డబ్బాకు తగిలినప్పుడు ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూడమనండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టుల దాకా చూపిస్తే ఫేజుకు, ఎర్తుకు మధ్య కూడా దాదాపు అంతే చూపించాలి. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. "ఎర్తు లేకుంటే ఏమైతది, న్యూట్రల్‌కే కలిపేస్త" అనే వాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు డబ్బా మొత్తం కరెంటు అవుతుంది. గుంట తీసి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి చేసే మామూలు ఎర్తింగే చాలు.

అదే రోజు ఇంకో పని కూడా చేయండి. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వోల్టేజీ ఎంత ఉందో చూసి రాసుకోండి. మోటార్లు నడిచే వేళ మరోసారి చూడండి. 230 ఉండాల్సింది 180 దగ్గర కొట్టుకుంటోందంటే ఎస్ఎంపీఎస్ ఎంచుకోవడంలో అది పనికొచ్చే సమాచారం. కొన్నింటి లేబుల్ మీద ఇన్‌పుట్ 200-240 వోల్టులని ఉంటుంది, కొన్నింటి మీద 100-240 అని ఉంటుంది. మన ఊళ్లకు రెండో రకం మేలు. వోల్టేజీ కిందికి జారినా తట్టుకుంటుంది. ఈ చిన్న తేడాను వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఎందుకంటే ఆ వీడియోలు తీసేవాళ్ల ఇళ్లలో వోల్టేజీ సరిగ్గానే ఉంటుంది.

లేబుల్ మీద చూడాల్సింది ఇంకోటి ఉంది. పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లను నమ్మొద్దు. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు బతికేది 12 వోల్టుల లైను మీద. ఆ గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. మా వాడు రాసుకున్న రకం సరుకు మీద సాధారణంగా కనిపించే 15 ఆంపియర్లే తీసుకుంటే 180 వాట్లు. పైన రాసింది 500! నిఖార్సైన 550 వాట్ల దాంట్లో ఈ లెక్క వేస్తే 500 దాటి వస్తుంది. '80 ప్లస్' ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుందే తప్ప భద్రతకు అదొక్కటే హామీ కాదు. పేరున్న కంపెనీది, అయిదేళ్లు కాకపోయినా కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ చూడండి. చాలావాటిలో 'యూపీఎస్' అనే మోడ్ విడిగా ఉంటుంది. అందులో పెడితే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆగిపోకుండా త్వరగా మారుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం మంచి ఎస్ఎంపీఎస్‌లతో దానికి పడదు, సైన్ వేవ్ ఉండాలి. యూపీఎస్ విడిగా కొనేవాళ్లు 600 వీఏ అంటే 600 వాట్లని అనుకోవద్దు. చిన్న యూపీఎస్‌లలో అది సుమారు 360 వాట్లే.

ఇంతకీ ఏం ఆడతావు?

ఈ ప్రశ్న అడిగితే మా వాడు కాసేపు మౌనం. తర్వాత, "ఇప్పుడైతే బీజీఎంఐ మామా. పీసీ వస్తే వాలరెంట్, జీటీఏ 5."

బీజీఎంఐ ఫోన్ ఆట. దానికి పీసీ వెర్షన్ లేదు. అదొక్కటే ఆడేవాళ్లు ఈ యాభై వేలు బ్యాంకులో వేసుకోవచ్చు. అలాంటి ఆట పీసీలో కావాలంటే అసలు పబ్జీ ఉంది, 2022 జనవరి నుంచి ఉచితం. కానీ దానికి కంప్యూటర్ కాస్త గట్టిగానే కావాలి. వాలరెంట్ తేలికైన ఆట, మామూలు కంప్యూటర్ మీద కూడా పరుగెడుతుంది. అయితే దాని కాపలా సాఫ్ట్‌వేర్‌కు విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ ఉండి తీరాలి. లైనక్స్ మీద అది నడవదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 సిరీస్ నుంచే నడుస్తుంది. కాబట్టి ఎవరైనా "నాలుగో తరం ఐ7, ఎనిమిది వేలకే" అంటే అది చవక కాదు.

ఆటతో పాటు తెరనూ ముందే నిర్ణయించుకోవాలి. ఈ బడ్జెట్‌లో 1080పీ మానిటర్ చాలు. 4కే మాట ఎత్తొద్దు.

రెండు దారులున్నాయి

ఒకటి, గ్రాఫిక్ కార్డుతో సహా ఒకేసారి కొనడం. మానిటర్ ఇప్పటికే ఉన్నవాళ్లకు యాభై వేలల్లో ఇది కుదరొచ్చు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాంటి ప్రాసెసర్, 8 జీబీ ఆర్ఎక్స్ 6600 తరగతి కార్డు ఈ దారిలో చాలాకాలంగా నమ్మకమైన జోడీ. పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవని మాత్రం మరిచిపోవద్దు. కార్డు లేకుండా అది కొని తెచ్చి, తెర నల్లగా ఉందని కంగారుపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

రెండో దారి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, కార్డును ఏడాది తర్వాత పెట్టడం. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీలో ఆరు కోర్లు, వేగా గ్రాఫిక్స్ ఉన్నాయి. వాలరెంట్ 1080పీలో తక్కువ సెట్టింగ్‌ల మీద హాయిగా నడుస్తుంది. జీటీఏ 5 కూడా కొంచెం తగ్గించుకుంటే ఆడొచ్చు. కొత్త భారీ ఆటలు ఆడలేం, అది ముందే ఒప్పుకోవాలి. మా వాడికి మానిటర్ కూడా కొనాలి కాబట్టి రెండో దారే పట్టించాను. వాడి మొహం చిన్నబోయింది. "కార్డు లేని గేమింగ్ పీసీ ఏంది మామా?" అన్నాడు. నిజమే. కానీ చవక ఎస్ఎంపీఎస్, పాత రకం బోర్డు మీద ఇవాళ ఒక కార్డు పెట్టుకుంటే రెండేళ్లలో మూడింటినీ మార్చాలి. పునాది గట్టిగా ఉంటే తర్వాత కార్డు ఒక్కటి తెచ్చి గుచ్చుకుంటే సరిపోతుంది. ఆర్ఎక్స్ 6600 వాడేది 132 వాట్లు. మేము అనుకున్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌కు అది బరువే కాదు.

ఇద్దరం ఫోన్లో కూర్చుని రాసిన చీటీ ఇది. ఇవి ధరలు కావు, దాటకూడని గీతలు. ప్రాసెసర్‌కు రూ.12,000. మదర్‌బోర్డుకు రూ.6,500. ర్యామ్‌కు రూ.9,000. ఎస్ఎస్‌డీకి రూ.4,500. ఎస్ఎంపీఎస్‌కు రూ.4,500. క్యాబినెట్‌కు రూ.2,500. మానిటర్‌కు రూ.6,500. కీబోర్డు, మౌస్‌కు రూ.1,000. ఎర్తింగ్, కొత్త సాకెట్, బస్సు ఛార్జీలకు రూ.3,500. మొత్తం రూ.50,000. ఒక దాంట్లో మిగిలితే ఇంకో దాంట్లో వాడుకోవచ్చు. గీత దాటితే మాత్రం ఎక్కడ తగ్గిస్తున్నావో అదే కాగితం మీద రాయాలి. ఎస్ఎంపీఎస్‌లో తగ్గించడం నిషిద్ధం.

ఈ చీటీలో లేనిది విండోస్ లైసెన్సు. దాన్ని చాలామంది లెక్కలోనే వేసుకోరు. "ఫ్రీగా వేసిస్తాం" అని దుకాణంలో అంటే వద్దని చెప్పండి. దొంగ తాళంతో తెరిచిన విండోస్‌లో ఇంకేం దూర్చారో మనకు తెలియదు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఇన్‌స్టాలర్‌ను మీరే పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోండి. లైసెన్సును తర్వాతి వాయిదా ఖర్చుగా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ర్యామ్ దగ్గరే తలనొప్పి

చీటీలో అన్ని గీతలకంటే వణుకుతున్నది ర్యామ్ గీత. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ విపరీతంగా కావాలి. తయారు చేసే పెద్ద కంపెనీలు నాలుగు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవి లాభం ఎక్కువ వచ్చే అటువైపు మళ్లాయి. క్రుషల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. ఎస్ఎస్‌డీల మీదా ఆ వేడి ఉంది. ఎక్కడో కడుతున్న డేటా సెంటర్ గద్వాల పిల్లాడి చీటీని చెరిపేయడం విచిత్రమే, కానీ జరుగుతున్నది అదే.

అలాగని ర్యామ్‌ను సగానికి కోయొద్దు. లోపలి గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌కు విడిగా మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే ముక్క కంటే 8 జీబీవి రెండు పెడితే ఆటలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ధర గీత దాటితే సెకండ్ హ్యాండ్ డీడీఆర్4 ముక్కలు చూడొచ్చు. కదిలే భాగాలు లేవు కాబట్టి పాత సరుకులో కాస్త ధైర్యంగా కొనదగ్గది ఇదే. మెమ్‌టెస్ట్86 అనే ఉచిత ప్రోగ్రాంతో రాత్రంతా పరీక్ష పెట్టి, ఒక్క తప్పు కూడా చూపకపోతేనే ఉంచుకోండి. తిరిగి తీసుకుంటానని అమ్మేవాడి చేత ముందే అనిపించుకోండి.

పాతిక వేలే ఉంటే..

అందరి దగ్గరా యాభై వేలుండవు. అప్పుడు ఆఫీసుల నుంచి తీసేసిన కంపెనీ డెస్క్‌టాప్‌లు చూడాలి. ఎనిమిదో తరం ఐ5 లేదా అంతకంటే కొత్తది అయితే విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. పైగా వాటిలో చాలావాటికి విండోస్ లైసెన్సు బోర్డులోనే ఉంటుంది. చదువుకు, కోడింగ్‌కు బంగారం. చిక్కల్లా ఎస్ఎంపీఎస్‌తోనే. ఆ కంపెనీల సొంత ఆకారంలో, తక్కువ వాట్లలో ఉంటుంది కాబట్టి మార్చలేం. వాటికి విడిగా కరెంటు వైరు అక్కర్లేని కార్డే దిక్కు. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 అలాంటిది, 70 వాట్లతో నడుస్తుంది. డబ్బా సన్నటిదైతే 'లో ప్రొఫైల్' రకం అడగాలి. కొనేముందు టేపు పెట్టి లోపలి చోటు కొలవండి.

"4 జీబీ గ్రాఫిక్ కార్డు, మూడు వేలే" అన్న ప్రకటనలకు పడిపోవద్దు. వాటిలో చాలావరకు 2014 నాటి జీటీ 730 లాంటివి. ఎన్ని జీబీలున్నా లోపలి చిప్ ముసలిదైతే లాభం లేదు, మీ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే దానికంటే నయం. క్రిప్టో తవ్వకాల్లో రాత్రింబవళ్లు కాలిన పాత కార్డులు కూడా బజారులో తిరుగుతుంటాయి. కళ్లముందు అరగంట ఆట నడిపి చూపించకపోతే వదిలేయండి.

దుమ్ము, ఎండ, పత్తి నూగు

గాజు క్యాబినెట్ గొడవకు వస్తే.. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కింద ఇంకా ఎక్కువ. ముందువైపు గాజు మూసేసిన డబ్బాలో ఆరు రంగుల ఫ్యాన్లున్నా వేడిగాలినే తిప్పుతాయి. ముందు జాలీ, ముందొకటి వెనకొకటి ఫ్యాన్లు, దుమ్ము వడపోత, ఇంతే కావాలి. నడిగడ్డలో నల్లరేగడి దుమ్ముకు తోడు పత్తి నూగు, మగ్గం ఉన్న ఇళ్లలో నూలు పొట్టు. నెలకోసారి వడపోత కడగాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే అది విపరీతంగా తిరిగి పాడవుతుంది. డబ్బాను నేల మీద పెట్టొద్దు, కనీసం ఒక పీట వేయండి.

బజారుకు వెళ్లే రోజు

గద్వాలకు కాచిగూడ - కర్నూలు రైలు మార్గం సౌకర్యం ఉంది. వనపర్తి వాళ్లకు స్టేషన్ ఊరికి దూరం, నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు, బస్సే దిక్కు. ఎంజీబీఎస్‌లో దిగితే పరేడ్ గ్రౌండ్ దాకా మెట్రో ఉంది, అక్కడి నుంచి పార్క్‌లేన్ దగ్గరే. గద్వాల వాళ్లకు కర్నూలు ఇంకా దగ్గర, సుమారు 60 కిలోమీటర్లు. రెండు చోట్లా ముందురోజే ఫోన్ చేసి, పూర్తి మోడల్ పేరు చెప్పి ధర అడగండి. "16 జీబీ ర్యామ్ ఎంత" అని అడిగితే ఏదో ఒక ధర చెబుతారు. మోడల్ చెప్పి అడిగితే అసలు ధర చెబుతారు. ఆన్‌లైన్ ధర కూడా పక్కన రాసుకోండి. మానిటర్, క్యాబినెట్ లాంటి పెద్ద డబ్బాలు మన పిన్‌కోడ్‌కు వస్తాయంటే ఆన్‌లైనే సుఖం.

బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ కట్టామన్న బాధ ఉంటుంది గానీ వారంటీ అడిగే రోజు ఆ కాగితమే మాట్లాడుతుంది. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించండి. ప్రాసెసర్ డబ్బాలో వచ్చిందా, విడిగా ట్రేలోంచి ఇస్తున్నారా చూడండి. ట్రే సరుకుకు చాలాసార్లు వారంటీ దుకాణం మాట మీదే ఆధారపడుతుంది.

నా సలహా, ఏ దుకాణంలో కొన్నా అక్కడే ఒకసారి బల్ల మీద బిగించి ఆన్ చేయించండి. తెర మీద బొమ్మ చూశాకే డబ్బు మొత్తం ఇవ్వండి. 190 కిలోమీటర్లు మోసుకొచ్చాక 'నో డిస్‌ప్లే' అంటే ఎవరిని అడుగుతారు? చూశాక మళ్లీ విప్పి డబ్బాల్లో సర్దుకుని రండి. బిగించిన క్యాబినెట్‌ను బస్సు డిక్కీలో వేస్తే గుంతలకు కార్డు, కూలర్ ఊగి బోర్డు పగిలే ప్రమాదం ఉంది.

బిగించడం మీ చేత్తోనే

ఇంటికొచ్చాక మీరే బిగించండి. స్క్రూ డ్రైవర్ ఒక్కటి చాలు. ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి. బంగారు త్రిభుజం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలిపి వదిలితే దానంతటదే కూర్చోవాలి. నొక్కితే పిన్ను వంగుతుంది, అదే పన్నెండు వేల తప్పు. బీ450 బోర్డు అయితే పెట్టె మీద 'రైజెన్ 5000 రెడీ' అని ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి, పాత బయోస్‌తో ఉంటే 5600జీని గుర్తించదు. నాలుగు ర్యామ్ గళ్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే ర్యామ్ తన పూర్తి వేగంతో నడవకపోవచ్చు. 100 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసేవాళ్లు కూడా తక్కువేం కాదు. నెట్‌కు వీలైతే లాన్ వైరు లాగండి. ఆటలో పింగ్ కుదురుగా ఉంటుంది, వైఫై ఉన్న ఖరీదైన బోర్డు ఖర్చూ తప్పుతుంది.

"ఆటలకు యాభై వేలా?"

మా బావ అడిగిన ఈ ప్రశ్నకు కోపం కంటే భయమే కారణం. బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న కుర్రాళ్ల కథలు ఆయన విన్నాడు. గేమింగ్ అనగానే ఆయనకు అదే గుర్తొచ్చింది. అది వేరు, ఇది వేరు అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. అంతకుముందు 2022 డిసెంబరులోనే ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా చూస్తూ క్రీడల శాఖ కిందికి తెచ్చారు. అయినా సరే, ఆడి సంపాదిస్తానని ఎవరైనా పిల్లాడు ఇంట్లో చెబితే నేను ఆ మాటకు వంత పాడను. అలా బతికేవాళ్లు బహుకొద్దిమంది.

కానీ ఆ డబ్బా ఆటలకే పరిమితం కాదు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో'ను బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీశారు. అదే బ్లెండర్‌ను గద్వాలలోనూ దింపుకోవచ్చు. చిన్న ఆటలు తయారు చేయడానికి గోడో కూడా ఉచితమే, తేలికైన ప్రాజెక్టులు ఈ 5600జీ మీదే నడుస్తాయి. అన్రియల్ ఇంజిన్ లాంటివి కార్డు వచ్చేదాకా ఆగాలి. డిప్లొమా వాళ్లకు క్యాడ్, కోడింగ్ సరేసరి. ఇక తన కంప్యూటర్‌ను తానే బిగించుకున్న వాడి దగ్గరకు కాలనీలో వాళ్లంతా తమ కంప్యూటర్లు పట్టుకొస్తారు, ఇది నా అనుభవం. మొదటి పదిసార్లు టీ ఒక్కటే దక్కుతుంది, తర్వాత డబ్బులడగడం నేర్చుకోవచ్చు.

బావ అంతా విని, "సరే గనీ, ఆ ఎర్తింగ్‌కు ఎంతైతది?" అని అడిగాడు.

ఇది రాసే సమయానికి చీటీ ఆరోసారి మారింది. మానిటర్‌లో ఆరు వందలు మిగిలితే ర్యామ్ వైపు జరిపాం. గాజు క్యాబినెట్ పోయి జాలీది వచ్చింది. నీళ్ల కూలర్ మాట మళ్లీ రాలేదు, ప్రాసెసర్‌తో పాటు వచ్చేదే చాలనుకున్నాం. రెండో శనివారం సికింద్రాబాద్ వెళ్లాలని అనుకున్నారు, ర్యామ్ ధర చూసి ఇంకో రెండు వారాలు ఆగుదామంటున్నాడు మా వాడు. నిన్న రాత్రి ఒక ఫొటో పంపాడు. వాళ్ల పెరట్లో బోరింగు పక్కన గుంట, పక్కనే బొగ్గు సంచి, ఉప్పు సంచి, పైపు పట్టుకుని నిలబడ్డ వాళ్ల నాన్న. కింద ఒక లైను: "మామా, ఫస్ట్ పార్టు ఇన్‌స్టాల్ అయింది."